మూడు రోజుల గడువు వెనుక ముప్ఫై ఏళ్ళ కథ



ఈ వేళ మనం మాట్లాడుకోబోయేది కాస్త మొహమాటమైన విషయమే. పక్క గదిలో పిల్లలు చదువుకుంటూ, వరండాలో అత్తగారు కూర్చుని ఉంటే గొంతు తగ్గించి చెప్పుకునే సంగతి. అయినా చెప్పుకోక తప్పదు. ఎందుకంటే గొంతు తగ్గించి చెప్పుకున్నన్నాళ్ళూ ఇందులో నిజం కంటే వదంతులే ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి.

సంగతేమిటంటే - పిల్లలు ఇక చాలనో, ఇప్పుడప్పుడే వద్దనో అనుకున్న ఇంట్లో ఒక రాత్రి ఏదో తేడా జరుగుతుంది. మాత్ర వేసుకోవడం రెండు రోజులు మరచిపోతారు. నిరోధ్ చిరిగిపోతుంది. లేదా "ఈ ఒక్కసారికీ ఏమవుతుందిలే" అనుకుంటారు. తెల్లవారేసరికి గుండెల్లో దడ మొదలవుతుంది. ఇక నెల వచ్చేదాకా క్యాలెండరు వంక చూడటం, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోవడం. ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. చెప్పుకుంటే పక్కింటావిడ బొప్పాయికాయ తినమంటుంది, ఎదురింటావిడ నువ్వులూ బెల్లం దంచి పెట్టమంటుంది. అవి తిన్నాక నెల వస్తే బొప్పాయి పుణ్యమే అనుకుంటాం. తినకపోయినా వచ్చేదేమో అన్న ఆలోచన మాత్రం రాదు.

ఈ దిగులు ఈనాటిది కాదండీ. సుమారు పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట రోము నగరంలో సొరేనస్ అనే పేరుగల వైద్యుడు ఉండేవాడు. గర్భం వద్దనుకునే స్త్రీ కలయిక కాగానే లేచి, మోకాళ్ళు వంచి కూర్చుని, గట్టిగా తుమ్మాలనీ, చల్లనిదేదైనా తాగాలనీ ఆయన రాశాడు. మనకిప్పుడు నవ్వు వస్తుంది. కానీ ఆ కాలంలో ఆయన పెద్ద పండితుడు. ఆ సలహా పాటించి, ఆ తర్వాత భయంభయంగా రోజులు లెక్కపెట్టుకున్న ఇల్లాళ్ళు ఎందరో ఉండి ఉంటారు.

మన దేశంలోనూ దీని గురించి ఆలోచించినవారు ఉన్నారు. ముట్టయిన నాటి నుంచి పదహారు రాత్రులు ఋతుకాలమని మనుస్మృతి చెప్పింది. సాయంకాలం కాగానే తామరపువ్వు ముడుచుకున్నట్లు, ఋతుకాలం దాటగానే గర్భాశయం ముడుచుకుపోతుందని ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహిత పోలిక చెప్పింది. గర్భం నెలంతా ఒకే తీరుగా నిలవదు, అందుకు కొన్ని రోజులే అనుకూలమైనవి అన్న గ్రహింపు అందులో ఉంది. అయితే ఆ రోజులు ఏవి, ఎందుకు అన్నది తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

ఎందుకింత ఆలస్యం? స్త్రీ శరీరం లోపల జరిగేది కంటికి కనబడదు గనుక. 1677లో హాలండు దేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో వీర్యకణాలను చూశాడు. స్త్రీ వైపు నుంచి వచ్చే అండాన్ని చూడటానికి మరో నూట యాభై ఏళ్ళు పట్టింది. 1827లో ఫాన్ బేయర్ అనే శాస్త్రవేత్త ఆడకుక్క అండాశయంలో దాన్ని కనుగొన్నాడు. ఈ రెండూ కలిస్తేనే పిండం ఏర్పడుతుందని 1875లో గాని హెర్ట్‌విగ్ కళ్ళారా చూడలేదు. అదీ మనిషిలో కాదు, సముద్రంలో దొరికే ముళ్ళజీవిలో.

ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. ఆడకుక్క ఎదకు వచ్చినప్పుడు రక్తం కనబడుతుంది కదా, మనుషుల్లో బహిష్టు కూడా అలాంటిదేనని పంతొమ్మిదో శతాబ్దపు డాక్టర్లు చాలామంది అనుకున్నారు. అంటే ముట్టు రోజుల చుట్టుపక్కలే గర్భం వచ్చే అవకాశం ఎక్కువనీ, రెండు ముట్ల నడిమి రోజులు క్షేమమనీ వారి లెక్క. పిల్లలు వద్దనుకునేవారికి ఆ నడిమి రోజుల్నే సూచించేవారు. నిజానికి గర్భం నిలిచేది సరిగ్గా ఆ నడిమి రోజుల్లోనే! చదువుకున్న డాక్టరు చెప్పాడని నమ్మి, చెప్పింది చెప్పినట్లు పాటించిన స్త్రీలకే నెల తప్పేది. తప్పు లెక్కదయినా నింద మాత్రం లెక్క సరిగ్గా పెట్టుకోలేదని ఆవిడ మీదే పడి ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఈ లెక్కను సరిదిద్దినవారు ఇద్దరు. జపాన్‌లోని నీగాటా నగరంలో పనిచేసిన ఒగినో క్యుసాకు 1924లోనూ, ఆస్ట్రియా దేశస్థుడు హెర్మన్ క్నాస్ ఆ తర్వాత నాలుగైదేళ్ళకూ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఒక సంగతి కనిపెట్టారు. అండం విడుదలయ్యే రోజును వెనకటి ముట్టు నుంచి ముందుకు లెక్కించకూడదు, రాబోయే ముట్టు నుంచి వెనక్కు లెక్కించాలి. రాబోయే ముట్టుకు సుమారు రెండు వారాల ముందు అండం విడుదల అవుతుంది.

ఇందులో చిక్కెక్కడుందో మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు. రాబోయే ముట్టు ఎప్పుడొస్తుందో ముందుగా ఎలా తెలుస్తుంది? గడియారంలాగా సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజున వచ్చేవారు ఎందరుంటారు? జ్వరం వచ్చినా, ఇంట్లో ఏదైనా ఆందోళన కలిగినా ఆ నెల నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మన ప్రభుత్వం ఈ లెక్క మీదే ఎంతో ఆశ పెట్టుకుంది. అప్పటి ఆరోగ్య మంత్రిణి రాజకుమారి అమృత్ కౌర్ గాంధీగారి అనుయాయి. మందులూ సాధనాలూ ఆమెకు అంతగా ఇష్టం లేదు. ఆమె కోరిక మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 1951లో అబ్రహాం స్టోన్ అనే అమెరికన్ డాక్టరును పంపింది. బెంగుళూరు - మైసూరు దారిలో ఉన్న రామనగరంలోనూ, ఢిల్లీలోని లోడీ కాలనీలోనూ ప్రయోగాలు చేశారు. స్త్రీలకు రంగురంగుల పూసల దండలు ఇచ్చారు. రోజుకొక పూస జరుపుకుంటూ పోవాలి. ఒక రంగు పూస వస్తే క్షేమం, మరో రంగు వస్తే జాగ్రత్త. ఆలోచన ముచ్చటైనదే గాని ఫలితం ఆశించినంత రాలేదు. పూసలు జరుపుకున్నంత మాత్రాన నెలలు సక్రమంగా రావు. పైగా "ఈ రోజు వద్దు" అనే మాట చెల్లుబాటు కావాలంటే అది ఇల్లాలి చేతిలో ఒక్కదానిలోనే ఉండేది కాదు కదా! 2000 తర్వాత అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు ఇదే ఆలోచనను మరింత జాగ్రత్తగా తీర్చిదిద్దారు. నెల 26 నుంచి 32 రోజుల లోపు వచ్చేవారికి మాత్రమే ఇది పనికివస్తుందనీ, ముట్టయిన 8వ రోజు నుంచి 19వ రోజు వరకు జాగ్రత్తగా ఉండాలనీ వారు నిర్ణయించారు.

మరి గర్భం నిలిచే అవకాశం నిజానికి ఎన్ని రోజులు? దీనికి చక్కటి జవాబు 1995లో దొరికింది. అమెరికాలో విల్‌కాక్స్, ఆయన సహచరులు గర్భం కోరుకుంటున్న 221 మంది స్త్రీలు రోజువారీగా ఇచ్చిన మూత్రాన్నీ, వారు రాసిపెట్టుకున్న వివరాలనూ పరిశీలించారు. గర్భం నిలిచేది నెలలో ఆరు రోజులే అని తేలింది. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం మాత్రం ఒక్కరోజుకు మించి నిలవదు. ఆ ఆరు రోజుల్లో మొదటి రోజున కలిస్తే పదిమందిలో ఒకరికి, చివరి రోజున కలిస్తే ముగ్గురిలో ఒకరికి గర్భం వచ్చే అవకాశం ఉందని వారు లెక్కగట్టారు.

అంటే నెలలో చాలా రోజులు భయం లేనట్లేనా? అలా అనుకోవడానికి వీల్లేదు. ఆ ఆరు రోజులు ఏ తేదీన మొదలవుతాయో ముందుగా చెప్పలేం. అదే శాస్త్రవేత్తలు 2000లో మరో మాట చెప్పారు. పుస్తకాలన్నీ చెప్పే 10వ రోజుకూ 17వ రోజుకూ మధ్యలోనే ఈ ఆరు రోజులూ పూర్తిగా ఇమిడిపోయే స్త్రీలు నూటికి ముప్ఫై మందే. కాబట్టి "నాకింకా రోజులున్నాయిలే" అన్న ధీమా పనికిరాదు.

పాలిచ్చే తల్లుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. బిడ్డ పాలు తాగుతున్నంత కాలం నెల నిలవదని మన పెద్దవాళ్ళు అంటారు. అందులో నిజం లేకపోలేదు. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమైన నిపుణులు దానికి మూడు షరతులు పెట్టారు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప దాదాపు వేరే ఆహారం పెట్టకూడదు, తల్లికి ఇంకా ముట్టు రాకూడదు. ఈ మూడూ ఉంటే నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు రక్షణ. ఒక్కటి తప్పినా ఆ ధైర్యం లేనట్లే. ముట్టు రాకముందే అండం విడుదల కావచ్చు గనుక, ఒక్కసారి కూడా బయట చేరకుండానే మళ్ళీ నీళ్ళు పోసుకునేవారు ఉంటారు.

ఇక మందు కథకు వద్దాం. అండాశయంలో తయారయ్యే ఈస్ట్రోజెన్ జంతువుల్లో గర్భాన్ని నిలవనివ్వదని 1920ల్లోనే తెలిసింది. మేలుజాతి ఆడకుక్కో గుర్రమో పొరపాటున కలిస్తే పశువైద్యులు దాన్ని వాడేవారు. 1960ల నడుమ హాలండులో అత్యాచారానికి గురైన ఒక పదమూడేళ్ళ బాలికను డాక్టర్ల దగ్గరకు తెచ్చారు. సరిగ్గా నెల నడిమి రోజులు. ఆ బిడ్డకు ఈ కష్టం మీద మరో కష్టం రాకూడదని డాక్టర్లు పశువైద్యులు వాడే మందునే ఇచ్చారు. మనుషుల్లో ఇలా ఇవ్వడం గురించి నమోదైన మొదటి సంఘటన ఇదేనంటారు. 1966లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్లీన్ మోరిస్, గెర్ట్రూడ్ వాన్ వాగెనెన్ అనే ఆవిడ కలిసి కోతుల మీదా, తర్వాత స్త్రీలలోనూ జరిపిన పరిశోధనలు ప్రకటించారు. "మర్నాటి ఉదయపు మాత్ర" అన్న పేరు అప్పుడే పత్రికల్లోకి ఎక్కింది.

కానీ ఆ మాత్ర తేలికైనది కాదు. ఐదు రోజులపాటు పెద్ద మోతాదులో మింగాలి. వికారం, వాంతులు విపరీతం. అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి బయటపడింది. అమెరికాలో ఇందుకు ఎక్కువగా వాడింది డీ.ఇ.ఎస్. అనే కృత్రిమ ఈస్ట్రోజెన్. అదే మందును అంతకు ముందు చాలా ఏళ్ళపాటు గర్భస్రావం కాకుండా ఉండటానికని గర్భవతులకు ఇచ్చారు. 1971లో బోస్టన్ డాక్టర్లు, హెర్బస్ట్ బృందం, పడుచు పిల్లల్లో ఒక అరుదైన క్యాన్సరును గమనించారు. ఎనిమిది మంది రోగుల్లో ఏడుగురి తల్లులు గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడినవారే! తల్లి మింగిన మాత్ర పాతికేళ్ళయినా నిండని కూతురి ఒంట్లో బయటపడిందన్నమాట. అది తెలిశాక కూడా కొంతకాలం విద్యార్థినులకు మర్నాటి మాత్రగా దాన్ని ఇస్తూనే ఉన్నారు. ముందే చెప్పి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి కదా అని అక్కడి స్త్రీల సంఘాలు గట్టిగా అడిగాయి. మందు మింగే మనిషికి మందు సంగతి తెలియాలి అన్న ఈ మాట చిన్నదే గాని, అది గెలవడానికి చాలా పోరాడవలసి వచ్చింది.

1974లో కెనడా డాక్టరు ఆల్బర్ట్ యూజ్‌పే కొత్త దారి చూపించాడు. బజారులో దొరికే మామూలు కుటుంబ నియంత్రణ మాత్రల్లో ఉండే రెండు హార్మోనులనే కాస్త పెద్ద మోతాదులో, 72 గంటల లోపు ఒకసారి, పన్నెండు గంటలకు మరోసారి ఇచ్చాడు. ఐదు రోజుల మందు ఒక్క రోజులోకి వచ్చింది. మూడు రోజుల గడువు అన్న మాట కూడా ఇక్కడి నుంచే స్థిరపడింది. 1976లో లూప్ కనిపెట్టిన జాక్ లిప్పెస్, కలయిక జరిగిన కొద్ది రోజుల్లోపు కాపర్ సాధనాన్ని అమర్చినా గర్భం నిలవదని చూపాడు. 1965లో మన కుటుంబ నియంత్రణ కేంద్రాల్లో వేసిన లూప్ ఈయనదే.

తర్వాత హంగరీలో లెవోనార్‌జెస్ట్రెల్ అనే ఒక్క హార్మోనుతోనే మాత్ర వచ్చింది. పాతదీ కొత్తదీ ఏది మేలో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు దేశాల్లో, రెండువేల మందికి దగ్గరగా స్త్రీలతో పరీక్ష జరిపి 1998లో ఫలితం ప్రకటించింది. పాత పద్ధతి పాటించినవారిలో వెయ్యికి 32 మందికి గర్భం వచ్చింది. కొత్త మాత్ర వాడినవారిలో వెయ్యికి 11 మందికే. వికారం పాతదానితో సగం మందికి కలిగితే, కొత్తదానితో నలుగురిలో ఒకరికి కూడా కలగలేదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు అని కూడా తేలింది. 2002లో రెండు మాత్రలకు బదులు రెండింటి మోతాదు ఒకేసారి వేసుకున్నా ఫలితం అంతేనని చూపారు. 1966 నుంచి లెక్కవేస్తే ఇంత సులువైన మాత్ర రావడానికి ముప్ఫై ఏళ్ళు దాటింది.

మన దేశంలో ఈ మాత్రకు 2001లో అనుమతి లభించింది. 2005లో డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే వీలు కల్పించారు. అమెరికాలో ఆ వీలు 2006లో గాని రాలేదు, అదీ పెద్దవారికే. 2007 నుంచి టెలివిజన్ ప్రకటనలతో ఐ-పిల్ అనే పేరు ఇంటింటికీ తెలిసిపోయింది. పేరు తెలిసినంత వేగంగా వివరం మాత్రం తెలియలేదు. ఆ వివరమే ఇప్పుడు చెప్పుకుందాం.

మొదటిది. ఇది కడుపు తీసే మాత్ర కాదు. అండం విడుదల కావడాన్ని వాయిదా వేయడమే దీని పని. చిలీ, ఆస్ట్రేలియా దేశాల్లో జరిగిన పరిశీలనల్లో, అండం విడుదల కాకముందు వేసుకున్నవారికి ఇది బాగా పనిచేసింది. విడుదలయ్యాక వేసుకున్నవారికి ఉపయోగపడలేదు. అప్పటికే గర్భం ఉంటే దాన్ని తీసివేయదు, బిడ్డకు హాని చేసినట్లు దాఖలా కూడా లేదు. గర్భం తీయడానికి వాడే మాత్రలు వేరు. అవి డాక్టరు పర్యవేక్షణ లేకుండా మింగవలసినవి కావు. ఈ రెండింటినీ కలగలిపి అనుకోవడం వల్ల కొందరు భయపడి అవసరమైనది మానేస్తున్నారు, కొందరు అనవసరమైనది మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

రెండవది. పొట్లం మీద మూడు రోజులని ఉందని మూడో రోజు దాకా ఆగకూడదు. పొద్దున్నే గుర్తుకు వస్తే పొద్దున్నే వేసుకోవాలి. వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు దీని బలాన్ని తగ్గిస్తాయి. అలాంటివారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఐదు రోజుల లోపు కాపర్-టి వేయించుకోవడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం. పైగా ఆ తర్వాత ఏళ్ళ తరబడి బెంగ ఉండదు.

మూడవది. అంకెలను సరిగ్గా అర్థం చేసుకోవాలి. నూరుమంది స్త్రీలు నెల నడుమ ఏ రక్షణా లేకుండా ఒకసారి కలిస్తే సుమారు ఎనిమిది మందికి నెల తప్పుతుంది. వెంటనే ఈ మాత్ర వేసుకుంటే ఆ ఎనిమిది ఒకటో రెండో అవుతుంది. అంటే పూర్తి హామీ కాదు. పైగా ఇది అండాన్ని వాయిదా వేస్తుందన్నాం కదా, ఆ తర్వాత అదే నెలలో మళ్ళీ జాగ్రత్త లేకపోతే ప్రమాదం తిరిగి వస్తుంది. అందుచేత ప్రతి నెలా వాడుకునేందుకు ఇది తగదు. సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడదు.

నాలుగవది. మాత్ర వేసుకున్నాక నెల నాలుగు రోజులు ముందో వెనకో రావచ్చు. కంగారు పడనక్కరలేదు. వారం దాటినా రాకపోతే మాత్రం మూత్ర పరీక్ష చేయించుకోవాలి. ఒకవేళ గర్భం నిలిచిందే అనుకోండి, బొప్పాయి దగ్గరకూ, తెలిసీ తెలియని మంత్రసాని దగ్గరకూ పోకండి. శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల మీద 1971లో మన పార్లమెంటు చట్టం చేసింది. అర్హత గల డాక్టరు చేత, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో గర్భం తీయించుకోవడానికి అది వీలు కల్పించింది. 2021లో సవరించాక 20 వారాల వరకు ఒక డాక్టరు, కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు నిర్ణయించవచ్చు. వయసు వచ్చిన స్త్రీ విషయంలో చట్టం కోరేది ఆమె సమ్మతినే. భర్త సంతకం అందులో షరతు కాదు. పెళ్ళికాని స్త్రీలకూ ఈ హక్కు సమానమేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

తుమ్మమన్నవారు, నడిమి రోజులు క్షేమమన్నవారు, పూసలు జరుపుకోమన్నవారు, పెద్ద మోతాదు మాత్రలు ఇచ్చి ఊరుకున్నవారు - అందరూ స్త్రీకి సలహా చెప్పినవారే. ఆ సలహా తప్పయితే మోసినది మాత్రం ఆమె. మనకిప్పుడు సరైన లెక్క దొరికింది. దాన్ని ఇంట్లో ఎదిగిన ఆడపిల్లలకూ, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళకూ ముందుగానే చెప్పి ఉంచండి. అవసరం పడిన రోజు తెల్లవారుజామున అడగడానికి వాళ్ళకు మొహమాటం కావచ్చు. ఆ లోపు గడువులో సగం గడిచిపోతుంది.